క్లీన్ కమాండు

ఆకివీడు దగ్గర రొయ్యల రోగాలు పరీక్షించే ఒక లాబ్‌లో సూరిబాబు అనే కుర్రాడు ఉండేవాడు. పనిలో చురుకే కానీ, ఏది రాయమన్నా "అది అందరికీ తెలిసిందేగా!" అని సగం వదిలేసేవాడు.

చెరువుల వాళ్లు రొయ్యలు తెచ్చేవారు. లాబ్ వాళ్లు తలపెంకు ఒలిచి, లైటు మీద పెట్టి, పెద్దగా ఫొటో తీసేవారు. పెంకు మీద తెల్లమచ్చలుంటే ఆ చెరువుకి గండమే. ఫొటోలో మచ్చలు లెక్కపెట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. ఇన్నాళ్లూ దాన్ని మనుషులే నడిపారు. ఆ నెలలో దాన్ని తనంతట తనే నడిపే ఏఐ ఏజెంటు వచ్చింది. అది పని మొదలెట్టే ముందు "ఇక్కడ ఏ కమాండ్లున్నాయి?" అని ఒక లిస్టు చూసుకుంటుంది. ఒక్కో కమాండు ఎదురుగా ఏం రాసుంటే అదే దానికి వేదం.

ఆ లిస్టు రాసే పని సూరిబాబుకి అప్పజెప్పారు. నలభై కమాండ్లు. భోజనాల వేళకల్లా ముగించేశాడు.

లాబ్‌లో పాతకాపు కరుణమ్మ గారు కళ్లజోడు సర్దుకుని చూసింది.

"క్లీన్‌కి ఎదురుగా 'ఫొటోని శుభ్రం చేస్తుంది' అని ఊరుకున్నావేం? అది చెరువు నీళ్లకి తీసే ఫొటోలకి కదా! పెంకు ఫొటో మీద వాడితే మచ్చలు కూడా చెరిపేస్తుంది. ఆ ముక్క రాయి."

"ఊరుకోండి మేడమ్! మనకి టీ ఇచ్చే నూకాలమ్మక్కూడా తెలుసది."

"నూకాలమ్మ మనతో ఆరేళ్లుగా ఉంది నాయనా. ఇది మొన్నొచ్చింది."

సూరిబాబు నవ్వేసి లిస్టు పంపేశాడు.

సోమవారం వెంకాయమ్మ గారు వచ్చింది. ఉన్న ఒక్క చెరువునీ ఒంటిచేత్తో చూసుకునే మనిషి. ఆవిడ తెచ్చిన రొయ్యల్ని ఏజెంటు చూసి 'మచ్చలు సున్నా' అని చెప్పింది.

"మేత తినట్లేదు బాబూ. ట్రేలో ఎక్కడిదక్కడే ఉంటోంది. మళ్లీ ఓసారి చూడవూ?"

"మెషీన్ సున్నా అంటే సున్నానే పిన్నిగారూ. హాయిగా ఇంటికెళ్లండి," అన్నాడు సూరిబాబు.

గురువారం పొద్దున్నే లాబ్ తలుపు దడేల్మంది. వెంకాయమ్మ గారు బకెట్ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. ఎర్రబడి చచ్చిన రొయ్యలు! ఒక్కోదాని పెంకు మీద సున్నం చల్లినట్టు మచ్చలు!

"గట్టు చుట్టూ ఇవే తేలుతున్నాయి. ఇప్పుడు చెప్పు బాబూ, ఇది సున్నానా?"

సూరిబాబు గబగబా ఒక పెంకు ఒలిచి కెమెరా కింద పెట్టాడు. తెర నిండా మచ్చలు. ఏజెంటు పని మొదలెట్టింది. చూస్తుండగానే మచ్చలన్నీ ఒక్కసారిగా మాయం! తెర మీద పెంకు నున్నగా అయిపోయింది. కింద అక్షరాలు పడ్డాయి: 'మచ్చలు సున్నా.'

"ఓరి దేవుడో! క్లీన్ ఎందుకు వాడావ్?" అని టైపు చేశాడు.

'పెంకు మీద బురద కనిపించింది. క్లీన్ ఫొటోని శుభ్రం చేస్తుందని లిస్టులో ఉంది. పెంకు ఫొటోల మీద వాడొద్దని ఎక్కడా లేదు.'

సూరిబాబు రిజిస్టరు తిరగేశాడు. ఆ వారం చూసిన చెరువులు ముప్ఫై. ముప్ఫయ్యీ సున్నాలే!

"గుడ్లప్పగించి చూస్తావేం? క్లీన్ చెయ్యని అసలు ఫొటోలు బయటికి తియ్యి!" అని కరుణమ్మ గారు గదిమింది.

ఇద్దరూ కళ్లతోనే చూసుకుంటూ పోయారు. ఇంకో మూడు చెరువులకి రోగం. వెంటనే ఫోన్లు చేశారు. ఆ ముగ్గురూ సాయంత్రంలోగా బతికున్న రొయ్యల్ని పట్టించి అమ్ముకుని గట్టెక్కారు. వెంకాయమ్మ గారి చెరువు మాత్రం దక్కలేదు.

"సోమవారమే తెలిసుంటే నేనూ పట్టించేసేదాన్ని," అంది ఆవిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సూరిబాబుకి.

లిస్టు మళ్లీ మొదటినుంచీ రాశాడు. మూడు రోజులు పట్టింది. ఏ కమాండు ఏం చేస్తుంది, దేని మీద వాడాలి, దేని మీద వాడకూడదు, వాడితే ఏం పోతుంది, అన్నీ కరుణమ్మ గారిని అడిగి మరీ రాశాడు. రాసింది లాబ్ మొహం తెలియని వాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా! అందుకని కాగితం పట్టుకుని వెంకాయమ్మ గారింటికే వెళ్లాడు.

ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. "క్లీన్. నీళ్ల ఫొటోల్లో దుమ్ము చెరుపుతుంది. పెంకు ఫొటోల మీద వాడొద్దు. రోగం మచ్చలు కూడా చెరిగిపోతాయి." కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది.

"బాగానే అర్థమైంది బాబూ. ఒక్క ముక్కేగా. ముందే రాయాల్సింది."

సూరిబాబు తలెత్తలేకపోయాడు. ఆవిడ గుమ్మంలోంచి ఎండగట్టిన చెరువు కనిపిస్తోంది.

మనకి తెలిసింది అందరికీ తెలుసనుకోకూడదు. కొత్తగా వచ్చిన వాళ్లకి చెప్పకుండా వదిలేసిన ఒక్క మాట చాలు, ఒకరి కష్టమంతా ముంచెయ్యడానికి.