కాటుకవ్వ అడుగులు, తురాయి తోక

అనగనగా అని నేను మొదలుపెట్టగానే "ఒక రాజు" అంటారు మీరు. ఈ కథలో రాజు లేడు. ఒక అడవి ఉంది, అడవి మధ్యలో ఒక వాగు ఉంది. వాగుకి ఇవతలి గట్టున కొన్ని జంతువులు, అవతలి గట్టున కొన్ని జంతువులు.

వానాకాలం వాగు నిండుగా పారేది. అప్పుడు ఎవరికీ ఎవరితో పేచీ లేదు. ఎండాకాలం వచ్చేసరికి వాగు ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలేది. పొద్దున్నే నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నప్పుడు ఎవరు తాగాలి? మిట్టమధ్యాహ్నం, కాలే బండల మీద నడిచొచ్చి, కలకబారిన బురదనీళ్ళు ఎవరు తాగాలి? పేచీ అంతా అక్కడే.

కొట్టుకు చావకుండా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఎండలు ముదిరేముందు రెండు గట్లకీ బిళ్ళంగోడు పోటీ. నేల మీద చిన్న గాడి, గాడి మీద చెక్కబిళ్ళ. బిళ్ళ కొసన కర్రతో తట్టి గాల్లోకి లేపాలి. అది కిందపడేలోపు కర్రతో కొట్టాలి. గట్టుకి ముగ్గురు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ఎవరి బిళ్ళ అందరికంటే దూరం పోతే ఆ గట్టువాళ్ళకి ఆ ఏడాది పొద్దుటి నీళ్ళు.

ఇవతలి గట్టువాళ్ళు గెలిచి తొమ్మిదేళ్ళయింది. పోయిన ఎండాకాలం ఒక దుప్పిపిల్ల మధ్యాహ్నపు నీళ్ళకి వెళుతూ ఆ బండల మీదే కూలబడింది. మళ్ళీ లేవలేదు.

ఇవతలి గట్టున తురాయి అని ఒక కొండముచ్చు పిల్ల ఉండేది. ఈ ఏడే ఆమెకి తమ్ముడు పుట్టాడు. వాడికింకా అమ్మ పొట్టని గట్టిగా పట్టుకోవడం కూడా రాలేదు.

"ఈసారి కూడా మధ్యాహ్నమే అయితే వీణ్ణి ఆ బండల మీంచి ఎలా తీసుకెళ్ళను తల్లీ?" అనేది అమ్మ.

తురాయి ఎండుకొమ్మ ఒకటి తీసుకుని, కిందపడ్డ తునికికాయల్ని ఎగరేసి కొడుతూ కూర్చునేది. ఒకరోజు అలాగే ఒక కాయని కొట్టింది. ముందు తోక వెనక్కి ఊగింది. తోక వెంట నడుము తిరిగింది. నడుము వెంట చెయ్యి వచ్చింది. ఠప్! కాయ వాగు దాటి అవతలి గట్టున నిద్రపోతున్న అడవిపంది వీపు మీద పడింది.

"ఎవడ్రా అది!" అని అరిచింది పంది.

"ఎవడు కాదు, ఎవతి!" అని అరిచాడు కొండ అనే ముంగిస. కొండ తురాయికి నేస్తం, బిళ్ళంగోడు జట్టులో ఒకడు. వాడు గట్టంతా పరిగెత్తి చాటింపు వేశాడు. సాయంత్రానికి తురాయిని జట్టులోకి తీసుకున్నారు.

జట్టుకి ఆట నేర్పేది ధవళయ్య పంతులు. పంతులంటే కొంగ. ఆయన దగ్గర ఒక నిధి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట కాటుకవ్వ అనే ఎలుగుబంటి ఇదే గట్టు మీద నిలబడి, బిళ్ళని అరవై కర్రల దూరం కొట్టింది. ముందురోజు వాన పడడంతో నేల మెత్తగా ఉంది. కాటుకవ్వ అడుగులు అందులో దిగబడ్డాయి. పంతులు ఆ అడుగుల చుట్టూ కంచె వేశాడు. వానాకాలం వాటి మీద టేకాకులు కప్పాడు. కుడి పాదం పూర్తిగా దిగింది. ఎడమ పాదానికి మాత్రం వేళ్ళే ఆనాయి, అదీ పక్కకి తిరిగి. ఆ రోజు నుంచీ కుందేలు ఆడినా, ముంగిస ఆడినా, ఆ అడుగుల్లోనే నిలబడి ఆడాలి. అదీ నియమం.

"పాదం పెట్టు" అన్నాడు పంతులు.

"పెట్టాను పంతులుగారూ."

"ఎక్కడ? నాకు కనబడదే?"

"లోపలే ఉందండి. అడుగు పెద్దది, నేను చిన్నదాన్ని."

"సరే. ఎడమకాలు వేళ్ళ మీద. ఊఁ, ఇంకా పక్కకి. ఆ తోకేమిటి, అలా ఊగుతోంది?"

"నాది ఊగుతుందండి."

"కాటుకవ్వది ఊగిందా?"

"ఆమెకి ఊగేంత తోక ఉందా అండి?"

పక్కనున్న కొండ కిసుక్కున నవ్వాడు. పంతులు ముక్కు పైకెత్తాడు.

"ఎదురుప్రశ్నలు వద్దు. తోక నడుముకి చుట్టుకో. ఒకటి అంటే భుజం. రెండు అంటే నడుం. మూడు అంటే మణికట్టు. చూపు బిళ్ళ మీద పెట్టు, ఆకాశంలోకి కాదు. ఊఁ, కానీ!"

మొదటిరోజు బిళ్ళ పది కర్రల దూరం పోయింది. అయిదోరోజు నాలుగు కర్రలే పోయింది. పదోరోజు కర్ర గాలిని కొట్టింది, బిళ్ళ తురాయి కాలి మీదే పడింది.

"ఇంకా సాధన చెయ్యాలి" అన్నాడు పంతులు.

చేసింది పాపం. కర్ర లేనప్పుడు కూడా చేసింది. ఆ సాయంత్రం ఇప్పచెట్టు మీంచి మద్దిచెట్టు మీదికి దూకుతూ, తెలియకుండానే తోక నడుముకి చుట్టుకుని, "ఒకటి, రెండు..." అని లెక్కపెట్టింది. మూడు అనేలోపు కొమ్మ చెయ్యి జారింది. దభీమని ముళ్ళపొదలో పడింది.

అమ్మ చంకలో బిడ్డతో దిగి వచ్చింది. "పుట్టిన నెలకే దూకినదానివి. ఇవాళ ఈ మూరెడు దూరం దూకలేక పడ్డావేమే?"

"లెక్కపెట్టానమ్మా."

"దూకడానికి లెక్కేమిటే!"

తురాయి ఒళ్ళంతా ముళ్ళు. కానీ ముళ్ళకంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. తెల్లారగానే పంతులు దగ్గరికి వెళ్ళింది.

"పంతులుగారూ, నేను ఆ అడుగుల్లో నిలబడను."

"అరవై కర్రల దూరం కొట్టిన అడుగులవి!"

"కొట్టింది అడుగులు కాదండి, కాటుకవ్వ."

"అయితే నువ్వు కాటుకవ్వ కంటే గొప్పదానివా?"

"గొప్పదాన్ని కాదండి. వేరేదాన్ని."

"అలాగా! మరి ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టుకుంటే ఇక పంతులెందుకు?"

ఆగండాగండి, పంతుల్ని అప్పుడే తిట్టుకోకండి. ఆయన అడిగింది మంచి ప్రశ్నే. తొమ్మిదేళ్ళుగా ఆ గట్టుని గెలిపించాలని ఆరాటపడుతున్నది ఆయనే. కాకపోతే ఓడిన ప్రతిసారీ "మీరు అడుగుల్లో సరిగా నిలబడలేదు" అన్నాడే తప్ప, అడుగులు తమకి సరిపోతున్నాయా అని ఒక్కర్నీ అడగలేదు.

తురాయి కొండని వెంటబెట్టుకుని కొండ గుహకి వెళ్ళింది. నవ్వకండి, ముంగిస పేరే కొండ, ఎక్కింది నిజం కొండ. గుహలో కాటుకవ్వ ఒంటరిగా ఉంటోంది. భుజం అరిగిపోయి ఆట మానేసి చాలా ఏళ్ళయింది. రాతిలో ఊరే చెమ్మ నాకి ఎండాకాలం గడుపుతుంది.

"అవ్వా, ఎడమకాలు వేళ్ళ మీద ఎందుకు నిలబడ్డావు? అందులో కిటుకేమిటి?" అని అడిగింది తురాయి.

"ఏ ఎడమకాలు?"

ఇద్దరూ జరిగినదంతా చెప్పారు. కంచె సంగతి చెప్పారు. టేకాకుల సంగతి చెప్పారు. కాటుకవ్వ కాసేపు నోరు తెరుచుకుని వింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"కిటుకా, నా మొహమా! ఆ రోజు పొద్దున్నే మడమలో తుమ్మముల్లు దిగిందే పిల్లా. కాలు ఆనితే ప్రాణం పోతోంది. అందుకని వేళ్ళ మీద నిలబడ్డాను. ముల్లు లేకపోతే ఇంకో పది కర్రలు పోయేది!"

కొండ తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. "తొమ్మిదేళ్ళుగా... మేమంతా... కుంటుతున్నామా?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అవ్వా?" అని కోపంగా అడిగింది తురాయి.

"అడిగితే కదా చెప్పడానికి! కొండెక్కి ఎవరొచ్చారు?" కాటుకవ్వ కళ్ళు తుడుచుకుంది. "నేను పుట్టలు తవ్వుకు బతికేదాన్ని. బిళ్ళని కూడా పుట్ట పెళ్ళగించినట్టే కొట్టాను. నువ్వు కొమ్మ మీంచి కొమ్మకి దూకేటప్పుడు ముందు ఏది కదులుతుంది?"

"తోక."

"దాన్ని కట్టేసుకుని బరువు ఎక్కడ పెడతావు? ఇంకోమాట. పంతులు చెప్పినవాటిలో పనికొచ్చేది ఒక్కటీ లేదా? నిజం చెప్పు."

తురాయికి "లేదు" అనాలనే ఉంది. కానీ ఆలోచించింది. "చూపు బిళ్ళ మీద పెట్టమన్నారు. ఇదివరకు నేను కొట్టకముందే పైకి చూసేదాన్ని. కాయలు సగం తగిలేవి కావు."

"అయితే అది పారెయ్యకు" అంది కాటుకవ్వ.

పోటీ రోజు వచ్చింది. రెండు గట్లూ నిండిపోయాయి. అవతలి గట్టు నుంచి ముకుందం అనే బండకోతి బిళ్ళని నలభై కర్రల దూరం కొట్టి, రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు. ఇవతలి గట్టు నుంచి కుందేలు మూడుసార్లూ గాలినే కొట్టింది. కొండ ముప్ఫై ఒక్క కర్రలు కొట్టాడు. ఇక మిగిలింది తురాయి.

"ఇదేనా మీ ఆఖరిది? కర్రకీ దీనికీ తేడా తెలియడం లేదే!" అని ముకుందం వెక్కిరించాడు.

తురాయి కర్ర తీసుకుంది. అడుగుల దగ్గరికి వెళ్ళింది. ఆగింది. పక్కకి జరిగి, నేల మీద తన కాళ్ళు తమంతట తామే ఆనిన చోట నిలబడింది. చుట్టుకున్న తోకని విప్పి వదిలింది.

"లోపల నిలబడు!" అన్నాడు పంతులు. "అమ్మాయీ, అందరూ చూస్తున్నారు!"

తుమ్మముల్లు సంగతి తురాయి నాలుక చివరే ఉంది. ఒక్కమాట అంటే చాలు, పంతులు అక్కడే నేలలో కూరుకుపోయేవాడు. వాదనలో గెలవాలంటే అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అమ్మ చంకలో తమ్ముడు ఉన్నాడు. తురాయికి కావలసింది నీళ్ళు.

"పంతులుగారూ, తొమ్మిదేళ్ళు అడుగుల్ని చూశారు. ఈ మూడు దెబ్బలూ నన్ను చూడండి. తప్పు కనబడితే చెప్పండి, వింటాను."

మొదటి దెబ్బ. అలవాటు పోలేదు, లోపల "ఒకటి, రెండు" వినబడింది. కర్ర గాలిలో తిరిగింది. అవతలి గట్టు గొల్లుమంది.

రెండో దెబ్బ. ఈసారి లెక్క లేదు. తోక ఊగింది, నడుము తిరిగింది, చెయ్యి వచ్చింది. చూపు బిళ్ళ మీదే ఉంది. అయినా కర్ర బిళ్ళకి జానెడు పైనుంచి పోయింది.

అమ్మ కళ్ళు మూసుకుంది.

పంతులు మాత్రం కళ్ళు మూసుకోలేదు. మెడ ముందుకి చాచి చూస్తున్నాడు. చేపకోసం నీళ్ళలోకి చూస్తాడే, అలా చూస్తున్నాడు. మొదటి దెబ్బా చూశాడు, రెండో దెబ్బా చూశాడు. ఉన్నట్టుండి ఒక్క ఎగురు ఎగిరాడు.

"తురాయీ! బిళ్ళ నీకు చాలా కిందుగా లేస్తోంది! ఎలుగుకి మోకాలి ఎత్తు చాలు, నీ కర్ర రొమ్ము ఎత్తున తిరుగుతోంది! గట్టిగా తట్టు, రొమ్ము ఎత్తుకి లేపు! తోక... తోకని అలాగే వదిలెయ్యమ్మా, దాని జోలికి పోకు!"

తురాయి నవ్వింది. గాడి మీద బిళ్ళ పెట్టింది. గట్టిగా తట్టింది. బిళ్ళ రొమ్ము ఎత్తుకి లేచి గిర్రున తిరిగింది.

ఠప్!

బిళ్ళ గట్టు దాటింది, పొదలు దాటింది, ఇసుకమేట మీద ఎక్కడో పడింది. రెండు గట్లవాళ్ళూ కలిసి కర్రతో కొలిచారు. ముప్ఫై తొమ్మిది. నలభై. ముకుందం లేచి నిలబడ్డాడు. నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడో కర్ర దగ్గర బిళ్ళ ఇసుకలో గుచ్చుకుని ఉంది.

ఇవతలి గట్టు ఎగిరిన ఎగురుకి ధూళి లేచింది. ముకుందం దగ్గరికొచ్చి తురాయి తోకని ఎగాదిగా చూశాడు. "నాకూ ఉంది తోక. ఇన్నాళ్ళూ దీన్ని ఈగలు తోలడానికే వాడాను" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, బండలు ఇంకా చల్లగా ఉండగానే, ఇవతలి గట్టు మొత్తం మడుగుకి నడిచింది. తమ్ముడు అమ్మ పొట్టకి వేలాడుతూ మొదటిసారి తేటనీళ్ళు చూశాడు. నీళ్ళలో ఇంకో బుజ్జి కొండముచ్చు కనబడితే దాన్ని కొట్టబోయి ముక్కు తడుపుకున్నాడు.

పంతులు ఒడ్డున నిలబడి ఉన్నాడు. తురాయి వెళ్ళి ముల్లు సంగతి మెల్లగా ఆయన ఒక్కడికే చెప్పింది. "కాటుకవ్వని ఆ ప్రశ్న నేను అడగవలసింది" అన్నాడాయన. ఆ మధ్యాహ్నమే వెళ్ళి తన ముక్కుతోనే కంచె పీకేశాడు.

వారం తిరక్కుండా ఒక ఏదుపంది పిల్ల వచ్చి, సిగ్గుపడుతూ ఆయన ముందు నిలబడింది.

"నాకూ బిళ్ళంగోడు నేర్పుతారా పంతులుగారూ? ఎక్కడ నిలబడమంటారు?"

"నిలబడ్డం తరవాత. ముందు నువ్వు ఎవరి మీదికైనా ఎలా ఉరుకుతావో చూపించు" అన్నాడు పంతులు.

"నేను వెనక్కి ఉరుకుతానండి. నా ముళ్ళన్నీ అటే కదా!"

పంతులు ముక్కు తెరుచుకుంది. మూసుకుంది. ఆయన రెండడుగులు పక్కకి జరిగి, మెడ చాచి నిలబడ్డాడు.

"కానీ, చూద్దాం. వెనక్కే ఉరుకు."

నీతి: నేర్పాలనుకునేవాళ్ళు ముందు ఎదుటివాళ్ళ ఒంటి తీరుని చూడాలి. నేర్చుకునేవాళ్ళు మంచి మాటని పట్టుకోవాలి గానీ, ఇంకొకరి అడుగులో ఒదగడానికి తమ బలాన్ని కట్టేసుకోకూడదు.