సగంలో ఆగిన సాక్ష్యం

పరంజ్యోతి అయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు అప్పటికప్పుడు దొరికేది కాదు. ముందు మంచినీళ్ళిచ్చేవారు, తర్వాత మజ్జిగ ఇచ్చేవారు, ఆ తర్వాత "ఆదివారం దాకా ఉండి వెళ్ళు" అనేవారు. కొన్నేళ్ళు మిషను హాస్టలు వార్డెనుగా, చాలా ఏళ్ళు పాస్టరుగా చేసి రిటైరయ్యాక, మిషను కాంపౌండులో వెనకవైపు రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. పేరున్న దైవసేవకులు కూడా సందేహాలు పట్టుకుని ఆ ఇంటికి వచ్చేవారు. ఆయన నిదానం చూసి ఒళ్ళు మండి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అట్లా వెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ ఏడు మే నెలలో తీతు వచ్చాడు. అయ్యగారి హాస్టల్లో చదువుకుని, ఆయన చెయ్యి పట్టుకునే దేవుడి సేవలోకి వచ్చిన శిష్యుడు. వచ్చింది ఒక్కడే కాదు. ట్రక్కు ఆటోలో భార్య హెప్సిబా, ఏడేళ్ళ కూతురు కెజియా, మూడేళ్ళ కొడుకు ఎజ్రా, హార్మోనియం, మైకుసెట్టు, పాలడబ్బా, పిల్లల బట్టల మూట, అన్నీ దిగాయి. బడికి సెలవులివ్వడం ఆలస్యం, ఇంటికి తాళం వేసి కుటుంబమంతా ఊరూరా తిరిగి ప్రార్థన కూటాలు పెట్టడం తీతుకి నాలుగేళ్ళుగా అలవాటు. ఆటో వెనక ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద కెజియా ఫోటో, కింద ఎర్రటి అక్షరాలతో, "చావు నోట్లోంచి బయటపడ్డ చిన్నారి! రండి, చూడండి!"

తీతు మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. కెజియా ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు గుండెకి చిల్లు ఉందని డాక్టర్లు చెబితే, ఆసుపత్రి వరండాలో మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆపరేషనయింది, పిల్ల బతికింది, ఛాతీ మీద జానెడు నిలువు మచ్చ మిగిలింది. అతని కృతజ్ఞత నిజమైనదే. ఆ కృతజ్ఞతతో అతను చేసే పని చూస్తేనే కడుపు రగిలిపోతుంది. ప్రతి కూటంలోనూ ఈ సంగతంతా సాక్ష్యంగా చెప్పి, చివర్లో పిల్లని స్టేజీ ఎక్కించి, గౌను ముందు గుండీలు రెండు విప్పి ఆ మచ్చ జనానికి చూపించేవాడు. "చూస్తే విశ్వాసం బలపడుతుంది" అనేవాడు. జనం హల్లెలూయ అని హోరెత్తించేవారు. ఆడవాళ్ళు ముందుకొచ్చి మచ్చ తడిమి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవారు.

మూడేళ్ళ వయసులో కెజియా నవ్వుతూనే నిలబడింది, దిగాక చాక్లెట్లు దొరికేవి మరి. అయిదేళ్ళకి నవ్వడం మానేసింది. ఏడేళ్ళు వచ్చేసరికి, స్టేజీ మెట్లు కంటపడితే చాలు, గౌను మెడని రెండు చేతులతో బిగించి పట్టుకునేది. అది తల్లి చూసింది, పక్కన పాటలు పాడేవాళ్ళు చూశారు, ఆటో నడిపేవాడు కూడా చూశాడు. మైకు పట్టుకున్న తండ్రికి మాత్రం జనం తప్ప ఏమీ కనబడలేదు. ఎజ్రా అయితే ఈ విద్య చక్కగా పట్టేశాడు. కొత్త మనిషి ఎవరు కనబడినా బనియను పైకెత్తి, బొజ్జ చూపించి, "స్తోత్రం! చాక్లెట్!" అని చెయ్యి చాపేవాడు. వాణ్ణి చూసి అందరూ పడీపడీ నవ్వేవారు. హెప్సిబా నవ్వేది కాదు.

ఆ వేసవిలో తీతు పది ఊళ్ళలో కూటాలు ఒప్పుకున్నాడు. ఏడో ఊళ్ళో, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, రేకుల షెడ్డు కింద, గుండీ మీద చెయ్యి పడగానే కెజియా తండ్రి మణికట్టు కొరికింది. తీతు పెట్టిన కేక మైకులో ఊరంతా వినబడింది. జనం గొల్లుమన్నారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, "పిల్లలో ఏదో దురాత్మ ఉందండీ, చేతులుంచి గద్దించండి" అన్నాడు. అనడమే తడవుగా అయిదారుగురు స్టేజీ ఎక్కి, పిల్ల నెత్తిన చేతులు మోపి, "పో! వదిలిపో!" అని కేకలు మొదలుపెట్టారు. ఆ చేతుల కింద ఏడేళ్ళ పిల్ల ఊపిరాడక గిజగిజలాడుతుంటే, కన్నతండ్రి తన మణికట్టు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు. ఆపమని ఒక్క మాట అనలేదు. చాపల మీద కూర్చున్నవాళ్ళని తొక్కుకుంటూ వచ్చి పిల్లని లాక్కుపోయింది హెప్సిబాయే.

ఆ రోజు నుంచి కెజియా కుటుంబ ప్రార్థనకి రావడం మానేసింది. మోకాళ్ళు వెయ్యమని తండ్రి గద్దిస్తే, "నేను రాను. మీ దేవుడు అందరికీ చూపించమంటాడు" అంది. తీతుకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యెత్తాడు కూడా, హెప్సిబా అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది. ఎనిమిదో కూటం అయ్యగారున్న ఊళ్ళోనే, ఆదివారం. అందుకని రెండు రోజులు ముందే వచ్చాడు.

"అయ్యగారూ," మజ్జిగ గ్లాసు అందుకుంటూనే అడిగాడు, "సేవలో ఉన్నవాణ్ణి. నా పిల్లే ప్రార్థన వద్దంటే నేను ఏ మొహం పెట్టుకుని జనానికి వాక్యం చెప్పాలి? పిల్లకి భక్తి ఎట్లా నేర్పాలి? కొడితే తప్పా, కొట్టకపోతే తప్పా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

అయ్యగారు అతని మణికట్టు వైపు చూశారు. "చేతికేమైంది?"

"ఏం లేదండీ."

"కూతురు కరిచింది," గోడవారన కూర్చున్న హెప్సిబా అంది. "ఎందుకు కరిచిందో కూడా చెప్పమనండి అయ్యగారూ."

తీతు ఒంటికాలి మీద లేచాడు. "నువ్విట్లా వెనకేసుకొస్తుంటేనే అది అట్లా తయారైంది! ఎనిమిది నెలల పిల్ల కోసం ఏడ్చినప్పుడు దేవుడు కావాలి, ఆయన మేలు నలుగురికీ చెప్పేసరికి మాత్రం మీ ఇద్దరికీ సిగ్గొచ్చింది!"

హెప్సిబా లేచింది. మూటలోంచి పిల్ల ఆదివారం గౌను తీసింది, కత్తెర తీసింది. ముందు గుండీలు ఒక్కొక్కటే కోసేసింది. ఆ చీలికని జంట దారంతో పైనుంచి కిందిదాకా మూసి కుట్టేసి, వీపు వైపు కత్తిరించి కట్టుకోవడానికి టేపులు వేసింది. దారం పళ్ళతో తెంపి, గౌను తెచ్చి మొగుడి ఒళ్ళో పడేసింది. "పిల్లకి ఉన్న మంచి గౌను ఇదొక్కటే. ముందువైపు ఇక విప్పడానికి కుదరదు, చింపాల్సిందే. ఆదివారం స్టేజీ మీద చింపండి. జనం చూస్తారు, విశ్వాసం ఇంకా బలపడుతుంది."

తీతు నోరు తెరిచేలోపు అయ్యగారు ఖాళీ గ్లాసు అందుకున్నారు. "ఆదివారం దాకా ఉండి వెళ్ళు తీతూ" అన్నారు.

ఆ రెండు రోజులు తీతుకి ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచాయి. పిల్లలిద్దరూ కాంపౌండులో వేపకాయలు ఏరుకుంటూ, బావి గట్టున నీళ్ళు చల్లుకుంటూ తిరిగారు. సాయంత్రం ప్రార్థన వేళ అయ్యగారు కెజియాని రమ్మనలేదు, ఎందుకు రాలేదని అడగలేదు. ఆయన మోకాళ్ళ మీదికి దిగితే, పిల్ల గుమ్మం బయటే కూర్చుని వేపకాయలతో ఆడుకుంది. తను అడిగిందేమిటి, ఈయన చేస్తున్నదేమిటి అని తీతు పళ్ళు కొరుక్కున్నాడు. వయసు మీద పడి మతి తప్పుతోందేమో అని కూడా అనుకున్నాడు. గురువు గురించి అట్లా అనుకున్నందుకు తన మీద కోపం వచ్చింది, ఆ కోపం కూడా తిప్పి ఆయన మీదికే తోసేశాడు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. ఫ్లెక్సీ చూసి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. తీతు వేదిక పక్కన కుర్చీలో కూర్చుని, పిల్లని ఎప్పుడు పిలవాలా, పిలిస్తే వస్తుందా, రాకపోతే ఎత్తుకు తేవాలా అని ఆలోచిస్తున్నాడు. చాప మీద తల్లి ఒళ్ళో కూర్చున్న కెజియా కళ్ళు అతని మీదే ఉన్నాయి. "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని సంఘకాపరి అడగగానే, ఆ మందిరంలో ఏళ్ళ తరబడి నోరు విప్పని పరంజ్యోతి అయ్యగారు లేచారు.

"నేను హాస్టల్లో వార్డెనుగా ఉన్నప్పుడు," అన్నారు ఆయన, "పదకొండేళ్ళ పిల్లవాడొకడు చేరాడు. వాడికొక బాధ ఉండేది. తోటి పిల్లలకి తెలిస్తే బతకనివ్వరు, అట్లాంటి బాధ. రెండేళ్ళు వాడి కోసం దేవుడికి మొరపెట్టాను. ఆయన విన్నాడు, బాధ తీరిపోయింది. ఆ పిల్లవాడు ఇవాళ మంచి సేవకుడు. ఈ మందిరంలోనే ఉన్నాడు."

తీతుకి తెలిసిపోయింది. ఆ పిల్లవాడు తనే. హాస్టల్లో చేరిన రోజు నుంచి పదమూడేళ్ళు నిండేదాకా నిద్రలో చాప తడిపేవాడు. మిగతా పిల్లలు లేవకముందే వార్డెను అయ్యగారు వచ్చి, చప్పుడు కాకుండా లేపి, ఆ చాప తనే బావి దగ్గర కడిగి, పొడి చాప పరిచి వెళ్ళేవారు. తల్లికి తెలుసు, తల్లి పోయింది. తొమ్మిదేళ్ళు కాపురం చేసిన హెప్సిబాకి తెలియదు. ఇప్పుడు హెప్సిబా ఎదురుగా, పిల్లల ఎదురుగా, ఇంతమంది ముందు, ఈ ముసలాయన నోరు విప్పబోతున్నాడు.

"హల్లెలూయ!" అన్నారు జనం. తలలు అటూ ఇటూ తిరిగాయి. "ఎవరండీ? ఏం బాధండీ?" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒకరు అడిగారు. సంఘపెద్ద ఒకాయన లేచి, "నిలబెట్టండి అయ్యగారూ! చూస్తే విశ్వాసం బలపడుతుంది!" అన్నాడు. ఆ పెద్దాయన మెడ పట్టుకుని బయటికి గెంటాలనిపించింది తీతుకి. నాలుగేళ్ళుగా తను అంటున్న మాటే అతను అన్నాడని అప్పుడు తట్టలేదు. "నిలబెట్టండి, నిలబెట్టండి" అని నలుమూలల నుంచీ అరుస్తున్నారు. తీతు తన చొక్కా కాలరుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు అతనికే తెలియదు. హెప్సిబా చూసింది. ఆమె ఒళ్ళో ఉన్న కెజియా కూడా చూసింది.

అయ్యగారు శిష్యుడి ముఖంలోకి చాలాసేపు చూశారు. "నిలబెట్టను" అని, వెళ్ళి తన చోట కూర్చున్నారు.

తీతు ఆ రోజు పది నిమిషాలు వాక్యం చెప్పాడు. ఏం చెప్పాడో అతనికే గుర్తు లేదు. పిల్లని పిలవలేదు. బయటికి వస్తుంటే "పాపని చూపించలేదేమండీ, ఎండలో ఇంత దూరం నడిచొచ్చాం" అని ఎవరో అంటే, కొట్టేట్టు చూసి తప్పుకుపోయాడు. పెంకుటింట్లో అడుగుపెట్టి, హెప్సిబా పిల్లలతో వెనకే వస్తోందేమో చూసి, తలుపు మూసి మరీ విరుచుకుపడ్డాడు.

"ఎందుకెత్తారండీ ఆ మాట? మిమ్మల్ని నమ్ముకున్నాను! నా పెళ్ళాం ముందు, నా పిల్లల ముందు! ఎవరిచ్చారు మీకా హక్కు?"

"నీ పేరు చెప్పానా?"

"లేదు. చెప్పినంత పని చేశారు!"

"బాధ ఏమిటో చెప్పానా?"

"చెప్పకపోతే మాత్రం? అది నాది! అందరిలో నిలబెట్టి..." అన్నాడు తీతు. "తప్పు చేశారు అయ్యగారూ."

"తప్పే," అన్నారు అయ్యగారు.

ఆయన కాదంటారనీ, తను ఇంకా రెచ్చిపోవచ్చనీ అనుకున్న తీతుకి ఆ మాటతో ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంతలో జేబులో ఫోను మోగింది. తొమ్మిదో ఊరి సంఘపెద్ద. "పాపని తప్పకుండా తీసుకొస్తున్నారు కదండీ? ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాం" అన్నాడు. తీతు మూసిన తలుపు వైపు చూశాడు. అవతల ఎజ్రా ఎవరితోనో "స్తోత్రం! చాక్లెట్!" అంటున్నాడు. "నేనొస్తాను," అన్నాడు చివరికి. "వాక్యం చెబుతాను. పాప స్టేజీ ఎక్కదు. ఇక ఎప్పుడూ ఎక్కదు."

"వాక్యం చెప్పేవాళ్ళు మాకు ఉన్నారండీ" అని అవతలివాడు ఫోను పెట్టేశాడు.

తీతు ఫోను మంచం మీదికి విసిరికొట్టాడు. "విన్నారా? రేపటికల్లా పదో ఊరివాళ్ళూ ఇదే అంటారు. ఇక నన్నెవరు పిలుస్తారు?" అని గురువు మీదికి తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, నీళ్ళు కూడా ఉన్నాయి. "పోనివ్వండి, నన్ను పిలవకపోతే పోయె. పిల్లని బతికించాడు కదా ఆయన! ఎవరికీ చూపించకుండా, నలుగురికీ తెలియకుండా ఉంచితే, దేవుడికి మహిమ ఎట్లా వస్తుంది? అది చెప్పండి ముందు!"

అయ్యగారు కుండలోంచి గ్లాసుతో మంచినీళ్ళు ముంచి అతని చేతికిచ్చారు.

"నీ సంగతి పాతికేళ్ళుగా ఆయనకి తెలుసు, నాకు తెలుసు," అన్నారు. "ఆయనకేం తక్కువైందిరా?"