తలవంచని గండడి గడ్డం

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మేఘవరం అనుకోండి, కాదనడానికి ఎవరొస్తారు గనక, ఉద్దండరాయుడనే రాజుండేవాడు. ఆయనకు "తలవంచని గండడు" అని బిరుదు. భట్రాజులు ఏదో పొట్టకూటికి ఇచ్చిన బిరుదది. రాజుగారు మాత్రం దాన్ని పట్టుకు కూర్చున్నారు. తల వంచడమంటే ఆయనకు తలవంపులే! గుమ్మం పొట్టిదైతే గుమ్మాన్నే పగలగొట్టించేవారు.

ఇక గడ్డం గీయించుకునేటప్పుడు చూడాలి ఆ వైభోగం. గడ్డం ఎత్తమంటే ఎత్తరు, మెడ వంచమంటే వంచరు. పైగా నోరు ఊరుకోదు. కుంభగిరి రాజు తనకు లొంగిపోయిన కథ రోజూ చెప్పాల్సిందే. ఆస్థాన క్షురకుడు కొమరన్న కత్తి ఎక్కడ పెడితే అక్కడ దవడ కదిలేది. రోజూ గాట్లే, రోజూ పటికే.

ఒకనాడు రాజుగారు ముఖమంతా దూది అతికించుకుని సభకు వచ్చారు. "ఈ కొమరన్నను దేశం నుంచి వెళ్ళగొట్టండి!" అని గర్జించేసరికి దూదిపింజ ఒకటి ఊడి, గాలిలో తేలుతూ వెళ్ళి ప్రధానమంత్రి ముక్కు మీద వాలింది. సభంతా నవ్వు బిగబట్టుకుంది. విదూషకుడు గుండన మాత్రం ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

"నవ్వొస్తోందా? అయితే రేపు నువ్వే గీయి! ఒక్క గాటు పడిందో, నీకూ వాడికీ గుండు గీయించి, గాడిదలెక్కించి ఊరేగిస్తాను!"

గుండన పుట్టి బుద్ధెరిగాక కత్తి పట్టినవాడు కాడు. సభ ముగియగానే కొమరన్నను ఇంటికి లాక్కుపోయాడు.

"నన్ను కాపాడవయ్యా కొమరన్నా!"

"నన్నెవరు కాపాడతారయ్యా?" అంటూనే కొమరన్న తన పనిముట్ల పొది విప్పి, కత్తిని తోలు మీద నూరి, ఒక బూడిదగుమ్మడికాయ తెమ్మన్నాడు. "పైన బూడిద పోవాలి. తొక్క మీద గీత పడకూడదు."

గుండన కత్తి వేశాడు. కాయ రెండు ముక్కలైంది.

"కోయమన్నానా, గీయమన్నానా? కత్తిని నిలబెట్టకండి, వాల్చి పట్టండి. బలం వద్దు, దాని బరువే చాలు. వెంట్రుక ఎటు వాలితే అటే లాగాలి. చర్మం బిగువుగా ఉంటే కత్తి జారుతుంది, వదులుగా ఉంటే కొరుకుతుంది."

కాయలు తెగుతూనే ఉన్నాయి. గుండన భార్య మల్లమ్మ ముక్కలన్నీ బుట్టకెత్తుకుంది. "మీ ఉద్యోగం పోయినా మనకు వడియాలకు లోటుండదు లెండి," అంది. పొద్దు వాలేసరికి ఒక కాయ నున్నగా తేలింది. గుండన ఎగిరి గంతేశాడు.

"అప్పుడే సంబరమా? గుమ్మడికాయ మాట్లాడదు గదయ్యా," అన్నాడు కొమరన్న. "తల వంచితేనే మెడ, బుగ్గ పూరిస్తేనే చెంప. రాజుగారు చచ్చినా చెయ్యరు."

గుండన తొడ చరిచాడు. "చేస్తారయ్యా, ఎందుకు చెయ్యరు!"

మర్నాడు నిండు సభలో రాజుగారు పీట మీద నిటారుగా కూర్చున్నారు. బయట గాడిదలు ఓండ్ర పెడుతున్నాయి. గుండన వేడినీళ్ళ గుడ్డ అద్ది, కుంకుడు నురగ పట్టించి, చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కుంభగిరి రాజు లొంగిన రోజు నాకు జ్వరం. ఆ వేడుక చూడలేకపోయాను. పాపం, తమ ముందు ఎలా నిలబడ్డాడో!"

రాజుగారి ముఖం వెలిగిపోయింది. "ఇదిగో, ఇలా!" అని తల వాల్చేశారు. మెడ వెనక సర్రున కత్తి జారింది.

"కప్పం అడిగితే?"

"బుగ్గలు ఇలా పూరించాడు!"

"అంతేనా ప్రభూ? ఇంకా పూరించి ఉంటాడే!"

రాజుగారు ఇంకా పూరించారు. రెండు చెంపలూ నున్నబడ్డాయి.

"దేవుణ్ణి తలుచుకున్నాడట?"

"ఇలా ఆకాశంలోకి చూశాడు!" గొంతు బిగువుగా సాగింది. అదీ అయింది.

"మూతి వంకర పోయిందట, ఏ వైపు?"

"ముందు ఇటు, తర్వాత అటు!"

సభికులు ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు.

"చివరికేమన్నాడు ప్రభూ?"

"ఏమంటాడు, నోరు పెగలందే!" అని రాజుగారు పెదవులు బిగించి చూపించారు. ఆ కిందున్న కాస్తా పోయింది. గుండన అద్దం పట్టాడు. గాటన్నది లేదు!

రాజుగారు చెంప తడుముకుని మురిసిపోయారు. అంతలో ఏదో తట్టి, కళ్ళెర్రజేశారు. "ఒరే గుండనా! నా చేత తల వంచిస్తావురా?"

"అపచారం ప్రభూ! వంచింది కుంభగిరి రాజు గదా? బుగ్గలు పూరించిందీ వాడే, మూతి తిప్పిందీ వాడే. నేను గీసింది వాడి గడ్డం. తమ మీద కత్తి పెట్టే ధైర్యం నాకెక్కడిది?"

రాజుగారి మీసం ముందు కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత పీట కూడా కదిలేలా విరగబడి నవ్వారు. తన మెడలోని ముత్యాలహారం తీసి గుండన మెడలో వేశారు. కొమరన్న కొలువు కొమరన్నకిచ్చి, పట్టుపంచెలు పెట్టారు.

కొమరన్న దండం పెట్టి వెళ్ళబోతుంటే, రాజుగారు అతణ్ణి దగ్గరికి పిలిచి, ఎవరికీ వినబడకుండా చెవిలో అన్నారు.

"కత్తి బాగా నూరి తెచ్చుకో. ఆ కుంభగిరి వాడు రేపు కూడా వస్తాడు."