హబక్కూకు బావి

పూర్వం, గుండ్లకమ్మ ఏటికి ఎగువన బండపాలెం అనే చోట, మండువేసవిలో ఒక మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, పాలెం క్రైస్తవులకు వాక్యం చెప్పే ఉపదేశి హబక్కూకు తలగుడ్డ బిగించి తాను తవ్వుతున్న మూడో బావిలోకి దిగాడు. మొదటి రెంటిలోనూ బండే తగిలింది. పాలెం ఆడవాళ్లకు ఊరిబావి గట్టెక్కే హక్కు లేదు. ఎడంగా కుండలు పెట్టుకుని, ఊళ్లోవాళ్లెవరైనా చేది పోస్తారేమోనని పొద్దెక్కేదాకా నిలబడేవారు. ఆ నిలబాటు తప్పించాలని ఆయన పంతం.

ఏడింటికల్లా గునపం ఖంగుమంది. మళ్లీ బండే.

ఆయన గునపం విసిరికొట్టి, "ప్రభువా, ఎవరికోసం దాచావయ్యా ఆ నీళ్లు? అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది" అని పైకే అరిచాడు. తాను ఎవరి పేరు పెట్టుకున్నాడో ఆ బైబిలు ప్రవక్త కూడా దేవునితో ఇలాగే తగవుపడ్డాడు. ఆయనకు జవాబైనా వచ్చింది, తనకు రాళ్లు వస్తున్నాయని గొణుక్కున్నాడు.

అప్పుడే ఖాళీకుండతో తిరిగొచ్చిన భార్య దీనమ్మ గట్టుమీంచి వంగి చూసింది.

"హెబ్రీ భాషలో నీ పేరుకి కౌగిలించుకునేవాడని అర్థమని ఆదివారం ఆదివారం చెబుతావు గదయ్యా! ఇంకేం, ఆ బండనే కౌగిలించుకో. కాపరం కూడా దాంతోనే చెయ్యి."

గట్టుమీద మట్టి లాగే పాలెంవాళ్లు ఘొల్లుమన్నారు. ఆయనకు ఒళ్లు మండింది. "చేస్తానే, చూడు!" అని బండమీద బోర్లాపడి, చేతులు చాచి వాటేసుకుని, చెంప ఆనించాడు. అలాగే ఉండిపోయాడు.

దీనమ్మకు భయం వేసింది. "లెగవయ్యా, ఏదో విసుగులో అన్నాను."

"నోరుమూసుకుని ఉండవే."

ఆయన ఎడమచేతి కింద బండ తక్కినచోట కంటే చల్లగా ఉంది. ఆ చల్లదనం వెంట చెయ్యి జరుపుకుంటూ పోతే, బండ అంచున మట్టిలో వేళ్లు తడిశాయి. అక్కడ గునపం వేసి బండ అంచు పగలగొట్టాడు. మధ్యాహ్నానికి జల పడింది. తెల్లారేసరికి నడుములోతు నీళ్లు.

బండపాలెం అన్న పేరు క్రమంగా మరుగునపడి, ఆ చోటు హబక్కూకు బావి అయింది. ఆనాడు పగలగొట్టి తీసిన బండముక్క ఇప్పటికీ గట్టున ఉంది. కష్టమొచ్చినవాళ్లు దాన్ని వాటేసుకుని దేవుణ్ని నిలదీస్తారు. అక్కడ మాత్రం మెత్తగా ప్రార్థించడం ఆచారం కాదు.

జల పడిన పదకొండో రోజున ఊరి చాకలి వీరన్న వచ్చి ఉపదేశికి ఒక సంగతి చెప్పాడు. పాలెంవాళ్లు తోడుకున్న ప్రతిపూటా ఊరిబావిలో నీళ్లు జానెడు దిగుతున్నాయట. రెంటికీ ఊట ఒక్కటేనట.