దానిమ్మరసం తాగిన నెత్తురు

ఒకానొక రాజ్యంలో దానిమ్మచెట్లన్నీ ఒక్కరోజులో రాజుగారివైపోయాయి. రోజూ చెంబెడు దానిమ్మరసం తాగితే నెత్తురు వన్నె తేలుతుందని ఆస్థాన వైద్యుడు శరభాచార్యులు సెలవిచ్చాడు. రాజు మహీధరవర్మకు ఏ రోగమూ లేదు. అయినా తాగాడు. రోజూ కొలువులో వైద్యుడు ఆయన వేలు సూదితో గుచ్చి, తెల్లపట్టు మీద చుక్క అద్ది, "నిన్నటికంటే నేడు ఎరుపు!" అనేవాడు. సభంతా ఆహా అనేది.

రోగం లేని రాజు చెంబులు ఖాళీ చేస్తుంటే, రోగమున్న ఇళ్లలో ఒక్క కాయ దొరకలేదు.

తోటమాలి ఎల్లమంద, జబ్బుపడిన బాలింత భార్య అడిగిందని ఒక కాయ కోశాడు. చెట్టుకిందే భటులు పట్టుకున్నారు. పదిరోజులు చెరసాలలో గంజి తాగాడు. ఇవాళ తీర్పు. చేయి నరకడమే శిక్ష.

ఆ ఉదయమే సభలో చమత్కారిగా పేరున్న విస్సనకు కబురొచ్చింది, ఎల్లమంద భార్య కన్నుమూసిందని. ఇప్పుడు చెబితే ఎల్లమంద బతుకు మీద ఆశ వదిలి తనంతట తానే చేయి చాపుతాడు. విస్సన ఆ మాటను గుండెలోనే అణచుకుని కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, వీడు రసం తాగాడో లేదో నెత్తురే చెబుతుంది. ఆచార్యులవారు చుక్క చూసి పోల్చగలరు కదా?"

"కళ్లు మూసుకుని పోలుస్తాను," అన్నాడు శరభాచార్యులు ఉత్తరీయం సవరించుకుంటూ.

"అంత శ్రమ వద్దు. కాసేపు అటు తిరగండి. రాజుగారి చుక్క ఏదో తేల్చండి, చాలు."

వైద్యుడు తిరిగాడు. విస్సన ఎల్లమంద వేలినే రెండుసార్లు గుచ్చి, తెల్లపట్టు మీద రెండు చుక్కలు అద్ది, మాట్లాడవద్దని రాజుకు సైగ చేశాడు. రాజు సరదాపడి ఊరుకున్నాడు.

శరభాచార్యులు గుడ్డ అందుకున్నాడు. "ఇదిగో, ఎడమది! మండలం పాటు రసం తాగిన నెత్తురు. ఏమి వన్నె! కుడిది వట్టి గంజి నెత్తురు, వెలవెలబోతోంది."

"రెండూ గంజివే, ఆచార్యులవారూ. రాజుగారి వేలు ఇంకా గుచ్చనేలేదు."

వైద్యుడు తల దించుకున్నాడు. విస్సన రాజు వైపు తిరిగాడు. "ఆరోగ్యంగా ఉన్న తమ ఒంట్లో ఈ రసం ఏం చేసిందో ఆయనకే తెలియదు ప్రభూ. దానికోసమా వీడి చేయి నరకడం?"

రాజు పగలబడి నవ్వాడు. "భలే విస్సనా! వీణ్ణి వదలండి, తోటలు తెరవండి. వీడికి బుట్టెడు కాయలు, నీకు నూరు వరహాలు!"

సభంతా నవ్వింది. విస్సన నవ్వలేదు, వరహాలు ముట్టలేదు. ఎల్లమంద వెంట నడిచాడు.

"అయ్యా, ఈ కాయలు చూస్తే అది లేచి కూర్చుంటుంది. పిల్లోడికి మీ పేరే పెట్టుకుంటాం," అన్నాడు ఎల్లమంద, బుట్ట నెత్తిన పెట్టుకుని గబగబా అడుగులేస్తూ.

కోటగుమ్మం దాటాక విస్సన వాణ్ణి ఆపాడు. బుట్టను తన రెండు చేతులతో దించి కింద పెట్టాడు.

"ఇలా కూర్చో, ఎల్లమందా," అన్నాడు.