ఓబులమ్మకు మాత్రమే కనబడిన పలక

మీ తాతల తాతలకు పాలపళ్లైనా రాని కాలంలో, రెండు ఊళ్ల నడుమ ఒక ఎండదారి ఉండేది. ఆ దారికంతా ఒకటే బావి. అది ఓబులమ్మ పూటకూళ్ల ఇంటి పెరట్లో ఉండేది.

ఇల్లేమో గుట్ట చాటున. దారిన పోయేవాళ్లకు అగుపడదు. అందుకని దారి పక్కన గుంజ పాతి, ఒక పలక కట్టారు. దాని మీద జాజు అనే ఎర్రమట్టి రంగుతో గీసిన నీళ్లకుండ, విస్తరి. ఓబులమ్మ మొగుడు నరసన్న గీసినవి. గీసిన ఏడాదే అతను పోయాడు. పిల్లలు లేరు.

మొదటి వేసవిలో ఉప్పుబండి పుల్లన్న వచ్చి చెప్పాడు.

"అక్కా, బొమ్మలు వెలిసిపోతున్నాయి. పలక మార్చు."

"నాకు కనబడతా ఉందిలే" అంది ఓబులమ్మ.

రెండో వేసవిలో వచ్చాడు. "అక్కా, సగం పోయింది."

"నాకు కనబడతా ఉందిలే."

మూడో వేసవిలో వచ్చాడు. "అక్కా, ఇంకేం మిగల్లేదు."

"నాకు కనబడతా ఉందిలే. ఆయన చేతిది. ఉండనీ."

వచ్చేవాళ్లు తగ్గి, పది విస్తళ్లు కుట్టేది ఐదు కుట్టింది. ఐదు పోయి ఒకటి కుట్టింది. ఆ ఒక్కటీ ఎండిపోయేది. వండిన అన్నం కాకులకు పెట్టి, కాకులతోనే మాట్లాడేది.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం దారి మీద ఆడపిల్ల ఏడుపు వినబడింది. ఓబులమ్మ చెంబు తీసుకుని పరుగెత్తింది. పలక దాటి పిలుపు దూరంలో గాజులమ్మే ముసలాయన పడి ఉన్నాడు. తల కూతురి ఒడిలో ఉంది. ఓబులమ్మ చెంబు ఆయన పెదవులకు ఆనించింది. నీళ్లు లోపలికి దిగలేదు.

"ఇంత దగ్గరికొచ్చి ఇంటికి రాలేదేందమ్మా? పలక చూడలేదా?"

"చూసినాం అవ్వా. ఉత్త చెక్క. పాడుబడిన చోటనుకున్నాం. దాని పక్కనే కాసేపు కూర్చుని లేచినాం."

ఓబులమ్మ వెళ్లి పలక ముందు నిలబడింది. కుండ కనబడింది. విస్తరి కనబడింది. కళ్లు మూసుకుంది. అప్పుడూ కనబడ్డాయి.

అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పలక దించింది. కొత్త చెక్క మీద తన వంకర చేత్తో కుండ గీసింది, విస్తరి గీసింది. అప్పట్నుంచి ఏటా ఎండలు ముదరకముందే, దారిన పోయే కొత్తవాళ్లను ఆపి అడిగేది.

"నాయనా, నా కంటికి తెలుసు కాబట్టి కనబడతాది. నీకేం కనబడతా ఉంది?"

వాళ్లు తడబడితే ఆ రోజే జాజు నూరేది.

జనం మళ్లీ వచ్చారు. తిన్నారు, తాగారు, వెళ్లిపోయారు. ఆమె ఒంటరిగానే ఉండి, ఒంటరిగానే పోయింది.

ఇప్పటికీ ఆ వైపు అంగళ్లవాళ్లు శివరాత్రి వెళ్లగానే ఒక కొత్తమనిషిని పిలిచి, వీధికి ఆ పక్కన, అంగడి బోర్డుకు ఎదురుగా నిలబెడతారు. "ఓబులమ్మ అడుగుతోంది, ఏం కనబడతా ఉంది?" అంటారు. ఆ మనిషి ఒక్క అక్షరం దగ్గర కళ్లు చికిలించినా బోర్డు దించుతారు. అంగడి యజమాని మాత్రం అప్పుడు నోరెత్తకూడదు.