ఒంటి చెవి గుర్తు

తూర్పు సముద్రంలో, వరి మళ్లూ కొబ్బరి తోటలూ తప్ప ఇంకేమీ పట్టనంత చిన్న దీవి ఒకటుంది. పేరు కెలాపా. అక్కడ ఉండేవి మూడు వందల పన్నెండు జంతువులు. ఐదేళ్లకోసారి అవి తమ పెద్దను ఎన్నుకుంటాయి. వాగు నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో, ఏ బీడు ఎవరు మేయాలో ఆ పెద్దే చెబుతాడు.

ఈసారి పోటీలో ఇద్దరు. ఒకటో నంబరు పునుగుపిల్లి, రెండో నంబరు కోతి. నంబరు అందరికీ గుర్తుండాలని పునుగు వర్గం ఒక చెవి నిలబెట్టి దండం పెట్టేది. కోతి వర్గం రెండు చెవులూ నిలబెట్టేది.

నేరేడమ్మకు ఉన్నదే ఒక చెవి.

నేరేడమ్మ ముసలి గేదె. దూడగా ఉన్నప్పుడు వాగులో మొసలి ఆమె ఎడమ చెవిని కొరుక్కుపోయింది. పద్నాలుగేళ్లుగా ఎడమ కంటి మీద ఈగ వాలితే దానంతట అది లేచిపోయే దాకా భరించడమే. ఇప్పుడు ఈగలతో పాటు ప్రచారం కూడా. పొద్దున మైనాల పాటలు, మధ్యాహ్నం సభ, సాయంత్రం ఊరేగింపు. డెబ్బై రోజులుగా ఇదే వరస. దున్ని వచ్చి కాళ్లు చాపుకుంటే కునుకు పట్టదు.

ఒకరోజు దారిలో మేక అడ్డం నిలబడింది. "ఏం నేరేడక్కా, పునుగు వైపు చేరావట?"

"ఎవరి వైపూ కాదే తల్లీ. ఈగను తోలుకున్నా."

"చెవి లేపావుగా! మావాళ్లు ముగ్గురు చూశారు."

"లేపడానికి ఉన్నది అదొక్కటే."

"అందరూ ఇలాగే అంటారు," అని మేక రెండు చెవులూ నిక్కించుకుని వెళ్లిపోయింది.

ఈ సంగతి పునుగు చెవిన పడింది. మర్నాడే వచ్చి నేరేడమ్మ కాళ్లకు మొక్కింది. "అమ్మా, రేపటి సభలో వేదిక మీద ఓ పక్కన నిలబడితే చాలు. పందిరి నీడ, ముందర పచ్చిగడ్డి. నోరు మెదపక్కర్లేదు."

"నాకు రాజకీయాలు తెలియవు నాయనా."

"తెలియకపోతేనే మంచిదమ్మా."

నీడ అనే మాటకు నేరేడమ్మ లొంగిపోయింది. వెళ్లి నిలబడింది. గడ్డి లేతగా ఉంది. రెండో కబళం నోట్లో ఉండగా పునుగు ఆమె పక్కకు వచ్చి గొంతెత్తింది.

"ఈ తల్లిని చూడండి! మన గుర్తుకు ఒక చెవి చాలు, రెండోది దండగ అని తన చెవి తానే తెగ్గోసుకుంది!"

జనం హోరెత్తిపోయారు. నేరేడమ్మ దవడ ఆగింది. కాదు, మొసలి అని చెప్పాలి. చెప్పాలంటే గడ్డి మింగాలి. చెప్పాక వీళ్లు కోప్పడతారు, నీడలోంచి పొమ్మంటారు, ఎండలో అంత దూరం నడవాలి. రేపు చెబుదాంలే అనుకుని నమలసాగింది.

ముందు వరసలో గవ్వడున్నాడు. నేరేడమ్మతో ఒకే కాడికి కట్టే పడుచు దున్నపోతు. దున్నడంలో మొదటి చాలు నుంచీ ఆమే నేర్పింది. సభ కాగానే పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా! నాతో మొసలి అన్నావే!"

"మొసలేరా. అప్పటికి ఆ పునుగు పుట్టనే లేదు."

"మరి వేదిక మీద ఎందుకు ఊరుకున్నావు?"

"అలసిపోయి ఉన్నానురా."

"అలసిపోతే అబద్ధానికి తలూపుతారా ఎవరైనా? కోతి వాళ్లకు భయపడి ఇప్పుడు మాట మారుస్తున్నావు." గవ్వడు గొంతు తగ్గించాడు. "రెండు చెవులున్నవాణ్ణి మావాళ్లు నమ్మట్లేదత్తా. 'రెండోది ఎవరి కోసం దాచుకున్నావురా' అని నిన్న పంది నలుగురిలో అడిగింది."

"ఒరే, చెవి పోతే కంట్లో ఈగల్ని ఎవరు తోలుతారురా? నా కన్ను చూడు, ఎలా పుండైపోయిందో."

"పునుగన్న గెలిస్తే దీవిలో ఈగే ఉండదు. మాటిచ్చాడు."

ఆ మాటతో నేరేడమ్మకు భయం పట్టుకుంది. మర్నాటి సభకు పిలవకుండానే వెళ్లి, వేదికెక్కి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచింది. "నా చెవి మొసలి కొరికింది! మొసలి!"

సభ ఒక్క క్షణం బిత్తరపోయింది. పునుగు మాత్రం తడుముకోలేదు. "విన్నారా! రెండో నంబరువాడు మొసలి అని అమ్మే చెబుతోంది!"

హోరు నిన్నటికంటే రెట్టింపైంది.

చెవులు కొరికిపెట్టే పని పందికొక్కుది. మర్నాడు తెల్లారేసరికి దాని కలుగు ముందు పునుగు వర్గం వాళ్లు వరస కట్టారు. గవ్వడు ఏడోవాడు. నేరేడమ్మ వచ్చేసరికే ఎడమ చెవి నేల మీద పడి ఉంది. అతను నవ్వుతున్నాడు, నెత్తురు మెడ మీదకు కారుతోంది. పోలింగు నాటికి అలా నలభై ఆరు చెవులు తెగాయి.

పునుగుకు నూట అరవై ఒకటి, కోతికి నూట యాభై ఒకటి. పది ఓట్ల తేడాతో పునుగు గెలిచింది.

మూడో రోజు విందు. పునుగూ కోతీ ఒకే పీట మీద కూర్చుని, ఒకే అరటిపండు చెరి సగం తిన్నాయి. "ప్రచారంలో అనుకున్న మాటలు ప్రచారంతోనే సరి," అంది పునుగు. "కోతి తమ్ముడికి వాగు నీళ్లు అప్పగిస్తున్నాను. ఇకమీదట మనందరి గుర్తు ఒకటే. రెండు చెవులూ దించి దండం. అది ఐకమత్యం!"

విందు గుమ్మం దగ్గర కాపలా మేకది. గవ్వడు రాగానే ఆపింది.

"రెండు చెవులూ దించితేనే లోపలికి."

"నాకు ఒకటే ఉంది కదా."

"అయితే ఇంకా తగాదా కోరే రకమన్నమాట. పక్కకు జరుగు."

"పునుగన్నా!" గవ్వడు గుమ్మంలోంచి అరిచాడు. "నేను గవ్వణ్ణి! నీ కోసమే కదన్నా ఇది!"

పునుగు తల తిప్పి చూసింది. "నేను కొరికించుకోమన్నానా తమ్ముడూ? ఆ పెద్దమ్మ త్యాగం గురించి నాలుగు మాటలు చెప్పానంతే." మళ్లీ అరటిపండు వైపు తిరిగింది.

నలభై ఆరుగురూ బయటే నిలబడి వాసన చూసి వెళ్లిపోయారు.

మర్నాడు కాడి మెడ మీద పడింది. గవ్వడి ఎడమ కంటి మీద ఈగలు ముసిరాయి. తల విదిలిస్తే లేచాయి, మళ్లీ వాలాయి. సగం మడి దున్నాక అతను నోరు విప్పాడు.

"అత్తా, మొదటి రోజే ఆ గడ్డి ఉమ్మేసి చెప్పి ఉంటే?"

"నీకు చెవి ఉండేదిరా," అంది నేరేడమ్మ.

ఇద్దరూ నాగలి లాగుతూ చాలు మలుపు తిరిగారు.

నాయకులు ఎన్నిసార్లయినా విడిపోయి కలవగలరు గానీ, వాళ్ల కోసం తెగిన చెవి ఒక్కసారి కూడా అతకదు.